ఎక్కం చెప్పి ఎక్కవలెను

తెనాలిలో వేంకటసుబ్రహ్మణ్యం మాస్టారుండే కాలనీకి పార్కు స్థలమని పద్దెనిమిది సెంట్లు వదిలి ఇరవై ఏళ్ళు దాటింది. ఈ ఇరవై ఏళ్ళలో అక్కడ వడియాలు ఎండాయి, పరుపులు ఎండాయి, కాలనీలో సగం మంది కారు నడపడం నేర్చుకున్నారు. పిల్లలు మాత్రం ఆడలేదు. ఆడితే వడియాలు తొక్కుతారు.

అందుకని బాపట్ల నుంచి ఒక ట్రస్టు వాళ్ళు వచ్చి, ఆరేళ్ళ లోపు పిల్లలు ఆడుకుంటూ నేర్చుకునే చోటొకటి ఉచితంగా కట్టిస్తామంటే కాలనీ అసోసియేషన్ ఏకగ్రీవంగా ఒప్పుకుంది. 'ఆడుకుంటూ' అన్న మాట చూసి కాదు, 'నేర్చుకునే' అన్న మాట చూసి. 'ఉచితంగా' అన్న మాట ఎవరూ పైకి అనలేదు. మర్యాదస్తుల కాలనీ అది.

ట్రస్టు తరఫున వచ్చిన డిజైనరు పేరు రిబ్కా. బాపట్ల అమ్మాయి. తండ్రి పౌలు కర్లపాలెంలో స్కూలు టీచరు. చిన్నపిల్లల ఆటస్థలాలు ఎలా కట్టాలో రెండేళ్ళపాటు అహ్మదాబాదులో చదువుకుని వచ్చింది. ఇలాంటి చదువొకటి ఉందని తెలిసి కాలనీ వాళ్ళు ముందు జాలిపడ్డారు.

"ఇంకెందులోనూ సీటు రాలేదేమో, పాపం" అంది ఎదురింటి కుమారి.

అసోసియేషన్ సెక్రటరీ హోదాలో మాస్టారు మీటింగు పెట్టారు. హైస్కూల్లో ముప్పై నాలుగేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఏ కాగితం చేతికిచ్చినా ముందు మార్కులు వేయడానికి ఎర్రపెన్ను కోసం జేబు తడుముకునేవారు. రిబ్కా బల్ల మీద ప్లాను పరిచింది.

"ఇదేంటమ్మా?" అన్నారు మాస్టారు.

"ఇసకండి."

"ఇసకలో ఏం నేర్చుకుంటారు?"

"తవ్వుతారండి. పోస్తారు. ఏ గిన్నెలో ఎంత పడుతుందో చూసుకుంటారు."

"ఆ తర్వాత?"

"మళ్ళీ తవ్వుతారండి."

మాస్టారు ప్లాను మీద ఇసక దగ్గర చిన్న ప్రశ్నార్థకం పెట్టారు. రిటైరైన బ్యాంకు మేనేజరు బాబూరావు కళ్ళజోడు ముక్కు మీదికి జార్చి, గోడకి వేలాడుతున్నట్టు గీసిన స్టీలు గిన్నెల వైపు వేలు చూపించాడు.

"అవి గరిటెలతో వాయించుకోడానికండి" అంది రిబ్కా. "చిన్న గిన్నె ఒకలా మోగుతుంది, పెద్ద గిన్నె ఒకలా మోగుతుంది. పిల్లలు తేడా పట్టుకుంటారు."

"సిలబస్ ఏంటమ్మా?"

"సిలబస్ లేదండి."

"మరి అ ఆ ఇ ఈ లు ఎక్కడ పెట్టావు?"

"పెట్టలేదండి."

రిబ్కా తొందరగా కాగితం తిప్పింది.

"ఈ కాలవ చూడండి సార్. దీనికి మూడు చిన్న లాకులు పెడుతున్నాం. ఈ తలుపు ఎత్తితే నీళ్ళు అటు పోతాయి, దించితే ఇటు మళ్ళుతాయి. మన కాలవలు ఎలా పారతాయో పిల్లలు చేత్తో చేసి చూసుకుంటారు."

"లాకులెత్తడం లస్కరు పనమ్మా" అన్నాడు బాబూరావు. "మా మనవణ్ణి లస్కరు చేద్దామని మేమింకా అనుకోలేదు."

అయినా సంతకాలు పెట్టారు. షరతుల కాగితం ఒకటుంటే దాని మీదా పెట్టారు. చదవలేదు. రిబ్కా మాత్రం ముఖ్యమైన షరతు నోటితో చెప్పింది.

"అంతా నట్లూ బోల్టులూ వేసే కడుతున్నామండి, సిమెంటు పొయ్యట్లేదు. ఆరు నెలల తర్వాత ఒక శనివారం మా మనిషి వచ్చి కూర్చుంటారు. సాయంత్రం ఆరయ్యేలోపు ఇరవైమంది పిల్లలు వాళ్ళంతట వాళ్ళు ఆడుకుంటూ కనిపిస్తే ఇది మీదే. లేకపోతే బోల్టులు విప్పి లిస్టులో రెండో ఊరికి ఇచ్చేస్తారు."

"రెండో ఊరేంటి?"

"రేపల్లె అండి. అక్కడ కూడా ఒక కాలనీ వాళ్ళు అడుగుతున్నారు. సెక్రటరీ పేరు చెంచురామయ్య గారు."

మాస్టారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

చెంచురామయ్య ఆయనకి తోడల్లుడు. జంపనిలో ఒకే ఇంటి అక్కచెల్లెళ్ళని చేసుకుని ముప్పై ఎనిమిదేళ్ళయింది. మాస్టారు స్కూటరు కొన్న నెలకి చెంచురామయ్య డిక్కీ ఉన్న స్కూటరు కొన్నాడు. మాస్టారు కాశీ వెళ్ళొస్తే చెంచురామయ్య కాశీ వెళ్ళి, అట్నుంచటే నేపాల్ కూడా వెళ్ళొచ్చాడు. మాస్టారికి షుగరు వచ్చిన ఏడాదే చెంచురామయ్యకి షుగరూ బీపీ రెండూ వచ్చాయి. ఇన్నేళ్ళలో మాస్టారి దగ్గర ఉండి చెంచురామయ్య దగ్గర లేనిది మనవరాలు హరిత ఒక్కతే. చెంచురామయ్యకి ఇద్దరూ మనవలే.

"ఈ స్థలం ఎక్కడికీ పోదమ్మా" అన్నారు మాస్టారు. "నేను హామీ."

సెప్టెంబరులో ఆటస్థలం తెరిచారు. మొదటి నెల రోజుకి నలభై మంది పిల్లలొచ్చారు. ఇసకలో తవ్వారు. లాకులెత్తి, దించి, కాలవకి గండి కొట్టి, ఆ గండి పూడ్చారు. గిన్నెలు వాయించారు. జారుడుబల్ల ఎక్కి జారారు, జారి ఎక్కారు. హరితకి అప్పటికి నాలుగేళ్ళు. అమ్మా నాన్నా ఇద్దరూ బాపట్లలో ఉద్యోగాలకి పొద్దున్నే రైలెక్కి పోతే, రోజంతా నానమ్మ మాణిక్యాంబ దగ్గరే ఉండేది. ఆ నెలంతా కాలవ దగ్గర గొంతుక్కూర్చునే ఉంది.

మాస్టారు రోజూ బెంచీ మీద కూర్చుని చూసేవారు. చూస్తున్నకొద్దీ ఆయనకి మనసు మనసులో ఉండేది కాదు. కుమారి కొడుకు విష్ణువర్ధన్ అయిదేళ్ళవాడు. ఒక సాయంత్రం జారుడుబల్ల ఇరవై మూడు సార్లు ఎక్కి దిగాడు. మాస్టారు లెక్కపెట్టారు. ఇరవై మూడు సార్లకీ కలిపి వాడు నేర్చుకున్నది సున్న. ఇంత సరంజామా పెట్టి, ఇన్ని మెట్లు కట్టి, వాడు ఖాళీగా ఎక్కి ఖాళీగా దిగుతున్నాడు.

అప్పుడు ఆయన మెట్లు లెక్కపెట్టారు. పది.

ఎక్కానికి ఎన్ని వరసలు? పది.

ఆ రాత్రి భోజనం దగ్గర మాస్టారు చాలా ప్రశాంతంగా ఉన్నారు. మర్నాడు పొద్దున్నే రంగుడబ్బా కొనుక్కొచ్చి మొదటి మెట్టు మీద 'రెండొకట్ల రెండు' అని మొదలుపెట్టి, పదో మెట్టు మీద 'రెండు పదుల ఇరవై' దాకా సొంత దస్తూరీతో రాశారు. పక్కన బోర్డు పెట్టారు. 'ఎక్కం చెప్పి ఎక్కవలెను.'

ఒకళ్ళు బాగుచేస్తుంటే మిగతావాళ్ళు చేతులు ముడుచుకుని కూర్చోలేరు కదా. ఇసక ఎగుడుదిగుడుగా ఉందని కుమారి తాపీమేస్త్రీ చేత బద్దతో చదును చేయించి, తాడు కట్టి గళ్ళు విడదీసింది. గడికొక పిల్లాడు కూర్చుని వేలితో అ ఆ లు దిద్దాలి. తవ్వరాదు. నీళ్ళలో తడిస్తే జలుబు చేస్తుందని లాకుల తలుపులకి తీగ చుట్టారు. బాబూరావు నిద్రపోయే వేళ గిన్నెలకి దుప్పటి కప్పాలని తీర్మానించారు. బాబూరావు మధ్యాహ్న నిద్ర పొద్దున పదకొండింటికి మొదలయ్యేది.

జారుడుబల్ల మీద మొదటి ప్రదర్శనకి మాస్టారు సొంత మనవరాల్నే ఎంచుకున్నారు. పదిరోజులు ఇంట్లో వల్లె వేయించారు. ఆదివారం పొద్దున కాలనీ అంతా చూస్తుండగా హరిత మెట్టు మెట్టుకీ ఆగి, చెప్పి, ఎక్కింది. వెనకాల ఆరుగురు పిల్లలు ఒకళ్ళ వెనక ఒకళ్ళు చెప్పుకుంటూ ఎక్కుతున్నారు. 'రెండార్ల పన్నెండు' బాగానే అయింది. ఏడో మెట్టు దగ్గర ఆగిపోయింది.

"రెండు..." అంది హరిత.

"ఆ, రెండు?" అన్నారు కిందనుంచి మాస్టారు.

"రెండు..."

"ఏడు!" అని అందించారు మాస్టారు. "ఊఁ, ఏడు! ఏడు!"

హరిత తాతయ్య మొహంలోకి చూసింది. చూసి, ఏడ్చింది.

"ఏడవమని కాదే, ఏడు!" అన్నారు మాస్టారు.

పిల్ల ఇంకా గట్టిగా ఏడ్చింది. ముందుకి పోవడానికి ఎక్కం రాదు, వెనక్కి పోవడానికి దారి లేదు. ఆరో మెట్టు మీద పిల్ల ఈ పిల్లని చూసి అందుకుంది. ఆ తర్వాత అయిదో మెట్టు, నాలుగో మెట్టు. ఏడుపు వరసగా కిందికి దిగింది. ఆ రోజు జారుడుబల్ల మీంచి దిగింది అదొక్కటే. పిల్లల్ని పెద్దవాళ్ళు చంకలు పట్టుకుని దింపుకున్నారు.

"మీరు కాస్త నోరుమూసుకుంటే ఆ పిల్ల జారేది కదండీ" అంది మాణిక్యాంబ.

"జారితే వచ్చేది ఎక్కడం. నేను నేర్పేది ఎక్కం" అన్నారు మాస్టారు. ఆ మాట తనకే బాగా నచ్చి, సాయంత్రం బాబూరావుకి కూడా చెప్పారు.

ఆ రోజు తర్వాత హరిత గేటు లోపలికి రాలేదు. ఇంట్లో కూడా తాతయ్య పిలిస్తే వచ్చి, చేతులు కట్టుకుని, అడిగినదానికి జవాబు చెప్పి వెళ్ళిపోయేది. మంచి క్రమశిక్షణ వచ్చిందని మాస్టారు మొదట సంతోషించారు. వారం పోయాక, పిల్ల తనని 'తాతా' అని పిలిచి ఎన్నాళ్ళయిందో లెక్కవేసుకుని, ఆ లెక్క మధ్యలో ఆపేశారు.

మిగతా పిల్లలు కూడా ఒక్కొక్కళ్ళే తగ్గారు. రోడ్డుకి అవతల సగం కట్టి ఆపేసిన ఇల్లొకటుంది. దాని ముందు ఇసక గుట్ట, పగిలిన పైపులు, ఒక తుప్పు బొచ్చె. కాలనీ పిల్లలందరూ అక్కడ తేలారు. ఆటస్థలం పరిశుభ్రంగా, చదునుగా, నిశ్శబ్దంగా మిగిలింది. వడియాలకి అనువుగా ఉందని ఒకావిడ అడిగి కూడా చూసింది.

ఫిబ్రవరిలో చెంచురామయ్య ఫోను చేశాడు.

"అన్నయ్యా, ఒక్క చిన్న సాయం. ఆ జారుడుబల్ల కాళ్ళ మధ్య ఎడం ఎంతో టేపు పెట్టి చూసి చెప్తావా?"

"నీకెందుకయ్యా?"

"గుంటలు తవ్విస్తున్నా. మళ్ళీ తెచ్చాక తవ్వితే ఆలస్యం కదా."

మాస్టారు ఫోను పెట్టేశారు. తర్వాత ఎందుకైనా మంచిదని టేపు తీసుకెళ్ళి కొలిచారు. చెప్పలేదు.

ఆ వారంలోనే బోల్టులు బిగించి చూడ్డానికి రిబ్కా వచ్చింది. ఇసకలో గళ్ళు చూసింది. లాకుల మీద తీగ చూసింది. బోర్డు దగ్గర చాలాసేపు నిలబడింది.

"సార్, మెట్లు ఎక్కడానికి పెట్టామండి."

"ఎక్కాలూ అందుకేనమ్మా. పైకి తీసుకెళ్ళడానికే."

"ఇదివరకు పిల్లలు ఒక్కో మెట్టూ ఎలా ఎక్కేవాళ్ళో చూశారా సార్? రెండు కాళ్ళూ ఒక మెట్టు మీద పెట్టేవాళ్ళు, నెలకి ఒక్కో కాలు ఒక్కో మెట్టు మీద పెట్టడం వచ్చేసింది. ఎవరూ చెప్పలేదు."

"అది లెక్కల్లోకి రాదు కదమ్మా" అన్నారు మాస్టారు దయగా.

రిబ్కా పానా సంచీలో పెట్టుకుంది. "చెరపమని నేననను సార్. మార్చి మొదటి శనివారం చూసి రాసుకోడానికి మా ట్రస్టు నుంచి లూకా గారొస్తారు" అని చెప్పి బాపట్ల బస్సెక్కింది.

ఆ శనివారం మధ్యాహ్నం రెండింటికల్లా మాస్టారు ఇంటింటికీ తిరిగి ముప్పై ఒక్కమంది పిల్లల్ని పోగుచేశారు. పౌడరు రాయించి, తలలు దువ్వించి, ఎత్తు ప్రకారం రెండు వరసల్లో నిలబెట్టారు. హరిత మాత్రం గేటు బయట నానమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుని నిలబడింది. ఎంత పిలిచినా కదల్లేదు.

మూడింటికి లూకా గారొచ్చారు. పోస్టాఫీసులో రిటైరైన మనిషి. నల్ల గొడుగు, నోటుబుక్కు, చెవి వెనక పెన్సిలు. బెంచీ మీద కూర్చుని వరసల్ని కాసేపు చూసి, జారుడుబల్ల వైపు గొడుగు చూపించారు.

"ఏం పిల్లలూ, మీరు ఇది ఎక్కరా?"

ముప్పై ఒక్క గొంతులు ఒక్కసారి పలికాయి. "ఎక్కం!"

మాస్టారి మొహం వెలిగిపోయింది. "చూశారా అండి! ఒక్కమాట మీదున్నారు."

లూకా గారు రాసుకున్నారు. మాస్టారు మెడ సాచి చదివారు. 'పిల్లలను అడగగా, ఎక్కము అనిరి.'

"అది ఆ ఎక్కం కాదండి!"

"ఏ ఎక్కమండి?"

"ఎక్కడానికి సంబంధించింది కాదండి. ఎక్కం!"

"అదేనండి నేను రాసింది. ఎక్కడం లేదు, ఎక్కం అన్నారు."

"అబ్బా, ఎక్కమంటే ఎక్కమని కాదండీ, ఎక్కం అని!"

"మాస్టారండీ" అన్నారు లూకా గారు, "నేను ముప్పై ఏళ్ళు టెలిగ్రాములు చదివినవాణ్ణి. తలా తోకా లేని మాట కూడా అర్థం చేసుకునేవాణ్ణి. ఇది మటుకు అందట్లేదు. పిల్లల్నే అడుగుదాం. బాబూ, నువ్వు చెప్పు. ఎక్కమంటే ఏంటి?"

ముందు వరసలో ఉన్న విష్ణువర్ధన్ ఆలోచించాడు.

"ఎక్కం చెప్పాలంటే, ఎక్కం" అన్నాడు.

లూకా గారు అది కూడా రాసుకున్నారు. దాని కింద గీత గీశారు.

నాలుగున్నర దాకా నోటుబుక్కులో ఒక్క టిక్కు పడలేదు. వరసలో నిలబడ్డం ఆట కిందికి రాదన్నారు. బిస్కెట్లు పంచితే తినడం కూడా రాదన్నారు. చివరికి జేబులోంచి షరతుల కాగితం తీసి, కాలనీ వాళ్ళు సంతకాలు పెట్టిన చోటుకి పైన వేలు పెట్టారు.

"ఆఖరి గంట సంగతి ఇక్కడ రాసుందండి. అయిదు నుంచి ఆరు దాకా పెద్దవాళ్ళెవరూ పిల్లల్ని ఏ ప్రశ్నా అడక్కూడదు. ఇది చెయ్యి, అది చెయ్యొద్దు అని కూడా అనకూడదు. అంటే, ఆ పిల్లాడికి పెట్టిన టిక్కు కొట్టేస్తాను."

"ఒక్క ప్రశ్న కూడానా?" అన్నాడు బాబూరావు.

"ఒక్కటి కూడా అండి."

"మరి పిల్లలతో ఏం మాట్లాడతామండి?"



మాస్టారు జారుడుబల్ల వైపు చూశారు. పది మెట్లు, పది వరసలు, అక్షరం మీద అక్షరం పెట్టిన దస్తూరీ. మాణిక్యాంబ గేటు అవతల నుంచే అంది.

"ఉంచండి, బావుంది. మన హరిత రేపల్లె వెళ్ళి మా మరిదిగారింట్లో ఉండి జారుతుందిలెండి."

మాస్టారు ఇంటికెళ్ళి కిరసనాయిలు సీసా, పాత బనీనూ పట్టుకొచ్చారు. పదో మెట్టు దగ్గర మొదలుపెట్టి కిందికి తుడుచుకుంటూ వచ్చారు. ఏడో మెట్టుని కాస్త ఎక్కువసేపు తుడిచి, బోర్డు వెనక్కి తిప్పేశారు. బాబూరావు గిన్నెల మీద దుప్పటి తీసి తన భుజాన వేసుకున్నాడు. కుమారి తాళ్ళు తెంపి, లాకుల తీగ విప్పింది. పిల్లల్ని వదిలేశారు. వదలగానే ముప్పై ఒక్కమందీ రోడ్డు దాటి ఇసక గుట్ట మీదికి పోయారు.

అయిదింటికి పెద్దవాళ్ళందరూ గోడవారన కుర్చీల్లో వరసగా కూర్చున్నారు. ఎత్తు ప్రకారం కాదు గానీ, దాదాపు అలాగే ఉంది.

పది నిమిషాలు ఎవరూ రాలేదు. తర్వాత విష్ణువర్ధన్ తుప్పు బొచ్చె పట్టుకుని నీళ్ళ కోసం వచ్చాడు. కాలవ లాకు ఎత్తి చూశాడు. ఎత్తుకుంది. వెనక్కి తిరిగి పెద్దవాళ్ళ వంక చూశాడు. ఎవరూ ఏమీ అనలేదు. అనుమానంగా జారుడుబల్ల మెట్టు మీద ఒక కాలు పెట్టాడు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎక్కాడు. జారాడు. గేటు దగ్గరకి పరిగెత్తి అరిచాడు.

"ఒరేయ్, వీళ్ళకేదో అయిందిరా! రండి!"

పిల్లలు వచ్చారు. లూకా గారి పెన్సిలు కదిలింది. అయిదు, తొమ్మిది, పదమూడు.

గోడవారన పరిస్థితి బాగాలేదు. కుమారి కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకాయన కళ్ళు మూసుకున్నాడు. నలుగురి పిల్లలు పక్కనుంచి పోతుంటే, ఏ క్లాసు, ఎంత ర్యాంకు, మీ నాన్న ఏం చేస్తారు, పెద్దయ్యాక ఏమవుతావు అని అడక్కుండా కూర్చోవడం ఆ కాలనీలో ఎవరికీ అలవాటు లేదు. అయిదు ఇరవైకి బాబూరావు ఓడిపోయాడు. ఎర్రగౌను పిల్ల ముందునుంచి పోతుంటే నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏం పాపా, ఏ క్లాసు?"

లూకా గారు ఒక టిక్కు కొట్టేశారు. కుర్చీల్లో వాళ్ళందరూ బాబూరావు వైపు తిరిగారు.

"అలవాటండి" అన్నాడు బాబూరావు. భుజం మీద దుప్పటి తీసి తలమీంచి కప్పుకున్నాడు.

మాస్టారికి పరీక్ష అయిదున్నరకి వచ్చింది. విష్ణువర్ధన్ బృందం తడి ఇసకతో లడ్డూలు చేసి ఆయన కాళ్ళ దగ్గరే దుకాణం పెట్టింది.

"మనం ఏడుగురం" అన్నాడు విష్ణువర్ధన్. "మనిషికి రెండు. అంటే పదిహేను చెయ్యాలి."

మాస్టారు కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు.

"పదిహేను" అన్నారు మిగతా ఆరుగురూ నమ్మకంగా.

ముప్పై నాలుగేళ్ళలో మాస్టారి ఎదుట తప్పు లెక్క చెప్పి ఎవరూ కదిలి వెళ్ళలేదు. ఆయన మెడ మీద నరం లేచింది. మాట గొంతు దాకా వచ్చి, పళ్ళ దాకా వచ్చి, అక్కడ రేపల్లెలో తవ్వి ఉంచిన గుంటలు గుర్తొచ్చి ఆగింది. పిల్లలు పదిహేను చేశారు. పంచుకున్నారు. ఒకటి మిగిలింది. ఏడుగురూ దాని చుట్టూ కూర్చుని చాలాసేపు చూశారు.

"ఇదెక్కణ్ణించి వచ్చిందిరా?" అన్నాడొకడు.

మళ్ళీ అన్నీ కలిపి మళ్ళీ పంచారు. మళ్ళీ ఒకటి మిగిలింది. మూడోసారి పంచుతుంటే మాస్టారు తనకి తెలియకుండానే ముందుకి వంగి చూస్తున్నారు. అంత శ్రద్ధగా ఆయన లెక్క ఏ పిల్లాడూ ఎప్పుడూ చెయ్యలేదు.

"పద్నాలుగే కావాలిరా" అన్నాడు విష్ణువర్ధన్ చివరికి, దొంగని పట్టుకున్నట్టు.

అయిదు యాభైకి నోటుబుక్కులో పంతొమ్మిది ఉన్నాయి. మాస్టారు రెండుసార్లు సరిచూసుకున్నారు. ఇసక గుట్ట మీద ఇంకెవరూ లేరు. కొందర్ని తల్లులు ట్యూషన్లకి తీసుకుపోయారు. ఎర్రగౌను పిల్ల క్లాసు చెప్పేసి ఇంటికి వెళ్ళిపోయింది. కనుచూపు మేరలో ఇంక మిగిలింది ఒక్క పిల్ల. గేటు బయట నానమ్మ కుచ్చెళ్ళు పట్టుకుని కాలవ వంకే చూస్తోంది.

మాస్టారు లేచారు. లూకా గారు పెన్సిలు ఎత్తి పట్టుకున్నారు.

గేటు దాకా నడిచి, మాస్టారు నోరు తెరిచి, మూశారు. 'ఆడుకుంటావా?' అందామంటే ప్రశ్న. 'రా, ఆడుకో' అందామంటే ఆజ్ఞ. 'ఎందుకు రావు?' ప్రశ్న. 'ఏడవకు' ఆజ్ఞ. పైగా పిల్ల ఏడవట్లేదు. అరవై ఆరేళ్ళ తెలుగంతా వెతుక్కున్నారు. పసిపిల్లతో అనడానికి ఈ రెండూ కాని వాక్యం ఆయన దగ్గర ఒక్కటీ లేదు.

వెనక్కి తిరిగారు. కాలవ దగ్గరికి వెళ్ళి, మోకాలు పట్టుకుని, నెమ్మదిగా గట్టు మీద కూర్చున్నారు. ఏమీ తోచక మొదటి లాకు ఎత్తారు. నీళ్ళు రాలేదు. రెండోది కూడా ఎత్తారు. నీళ్ళన్నీ ఒక్కసారి వచ్చి, పక్కకి పొర్లి, పంచె తడిపి పోయాయి. దించారు, ఎత్తారు. మళ్ళీ అంతే. నిజంగానే అంతుపట్టలేదు.

"నాకు రావట్లేదు" అన్నారు మాస్టారు.

ముప్పై నాలుగేళ్ళపాటు ఆయన ఆ మాట ఎదుటివాళ్ళ నోట విన్నారు. విన్నప్పుడల్లా బెంచీ ఎక్కించారు. తన నోట రావడం ఇదే మొదలు. బాబూరావు దుప్పటి తొలగించి చూశాడు.

గేటు దగ్గర హరిత కుచ్చెళ్ళు వదిలింది. గేటుకి ఇవతల ఒక అడుగు వేసి ఆగింది. బోర్డు వైపు చూసింది. మెట్ల వైపు చూసింది. తాతయ్య మూడోసారి తప్పు లాకు మీద చెయ్యి వేశారు.

"అది కాదు!" అంటూ పరిగెత్తుకొచ్చింది. "జరుగు తాతా."

మాస్టారు జరిగారు.

"ముందు ఇది దించాలి. అప్పుడు అది ఎత్తాలి. రెండూ ఎత్తేస్తే నీళ్ళు ఉండవు, పోతాయి." చిన్న చేతులతో ఒక తలుపు దించి ఒకటి ఎత్తింది. నీళ్ళు కాసేపు ఆగి, నిండి, బుద్ధిగా పక్క కాలవలోకి తిరిగాయి. హరిత నడుం మీద చేతులు పెట్టుకుని తాతయ్య మొహంలోకి చూసింది.

"అర్థమైందా?"

మాస్టారు నీళ్ళని చూశారు. ఈ ప్రశ్న ఆయన వేలసార్లు అడిగారు. అడిగిన ప్రతిసారీ క్లాసంతా 'అయింది సార్' అనేది. ఆయనకి తెలుసు, ఎప్పుడూ అవలేదని.

"అవలేదమ్మా" అన్నారు.

హరిత నిట్టూర్చింది. రెండు లాకులూ దించేసి, మొదటి దగ్గరికి వచ్చి కూర్చుంది.

"సరే. మళ్ళీ చెప్తా. ఈసారి చెయ్యి పెట్టకుండా చూడు."

లూకా గారు ఇరవయ్యో టిక్కు పెట్టి పక్కన టైము వేసుకున్నారు. అయిదు యాభై ఎనిమిది. ఆరవగానే నోటుబుక్కు మూసి, గొడుగు తీసుకుని లేచారు. కానీ కాలవ దగ్గర పాఠం ఇంకా రెండో లాకు దగ్గరే ఉంది. మధ్యలో లేచిపోతే బావుండదని మళ్ళీ కూర్చున్నారు.